కరెంటు వైద్యానికి బాట వేసిన డ్యుషెన్

నాందేడ్‌లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో ఎవరికైనా పక్షవాతం వస్తే, పక్కింటి మరాఠీవారు లక్వా కొట్టిందంటారు. కొన్నాళ్లకు మనమే, ఫిజియోథెరపీలో కరెంటు పెట్టిస్తున్నామని చుట్టాలకు చెబుతాం. ఈ వైద్యానికి పునాది వేసినవారిలో ముఖ్యుడు ఫ్రాన్స్ వైద్యుడు గియోమ్ డ్యుషెన్. ఆయన జీవితాన్ని పాఠకులకు పరిచయం చేస్తున్నాం.

డ్యుషెన్ 1806 సెప్టెంబరు 17న బులోన్ అనే రేవు పట్టణంలో, సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబంలో పుట్టారు. పారిస్‌లో వైద్యం చదివి 1831లో సొంతూరు చేరారు. పెళ్లయిన కొద్ది కాలానికే భార్య బాలింత జ్వరంతో కన్నుమూశారు. పురుడు పోసింది ఆయనే కావడంతో అత్తవారు నిందించారు. పసిబిడ్డ వారి దగ్గరే పెరిగాడు. తండ్రీకొడుకులు ఏళ్ల తరబడి దూరమయ్యారు.

1842లో ఆయన పారిస్ వెళ్లారు. ఏ ఆసుపత్రిలోనూ ఉద్యోగం లేదు. కరెంటు పుట్టించే పెట్టె పట్టుకుని వార్డు వార్డూ తిరిగి, ఎవరూ పట్టించుకోని పక్షవాతం రోగులను పరీక్షించేవారు. అంతకుముందు కరెంటు ఇవ్వాలంటే ఒంట్లోకి సూదులు గుచ్చేవారు. డ్యుషెన్ తడిపిన ఎలక్ట్రోడ్లను చర్మం మీదే ఉంచి, కావలసిన ఒక్క కండరాన్నే కదిలించారు. ఏ కండరం స్పందిస్తోంది, ఏది స్పందించడం లేదు అన్నదాన్ని బట్టి జబ్బు ఎక్కడుందో అంచనా వేసేవారు. ఈ పద్ధతిపై ఆయన పుస్తకం 1855లో వెలువడింది. మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఒక కండరాల క్షీణత వ్యాధికి నేటికీ ఆయన పేరే ఉంది. ప్రసిద్ధ నరాల వైద్యుడు షార్కో ఆయన్ను గురువుగా భావించారు.

చివరికి కొడుకు తండ్రిని చేరాడు, తానూ వైద్యుడయ్యాడు. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. టైఫాయిడ్ కొడుకును తీసుకుపోయింది. 1875 సెప్టెంబరులో డ్యుషెన్ కూడా కన్నుమూశారు.

1961లో అమెరికా వైద్యుడు లిబర్సన్ బృందం, పక్షవాతంతో పాదం జారిపోయేవారు అడుగు వేసేటప్పుడు పాదం పైకి లేచేలా కరెంటు ఇచ్చే పరికరాన్ని వివరించింది. అదీ ఈ బాటలోనిదే.

మన ఇళ్లకు ఒక మాట. కరెంటు ఒక్కటే నడిపించదు, దానితోపాటు రోజూ వ్యాయామం కావాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. పరికరం కొని ఇంట్లో సొంతంగా పెట్టుకోకూడదు. మంచాన పడ్డ మనిషిని ఇక ఇంతేనని వదిలేయకూడదన్నదే డ్యుషెన్ జీవితం మనకు నేర్పేది.