రెండు ఇంప్లాంట్లు.. ఒక మందుల దుకాణం కుర్రాడు

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో డెంటల్ క్లినిక్‌కి వెళ్లి, ఊడిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ కావాలంటే ఒక ప్రశ్న ఎదురుకావచ్చు: టైటానియమా, జిర్కోనియానా? మొదటిది లోహం. 1965 నుంచి మనుషుల దవడల్లో నిలబడి చూపించింది. రెండోది తెల్లటి సిరామిక్. చిగుళ్లు పల్చగా ఉన్నా బూడిదరంగు బయటికి కనిపించదు. లోహం వద్దనుకునేవారికి అదే దారి, కాకపోతే దీర్ఘకాల అనుభవం ఇంకా తక్కువే. చిత్రంగా, ఈ రెండింటి కథా ఒకే మనిషి దగ్గరికి చేరుతుంది.

మార్టిన్ హైన్రిక్ క్లాప్రోత్ 1743లో జర్మనీలోని వెర్నిగెరోడెలో ఒక దర్జీ ఇంట పుట్టారు. చిన్నప్పుడే అగ్నిప్రమాదం ఇంటిని బూడిద చేసింది. యూనివర్సిటీ చదువు మాట లేదు. 1759లో మందుల దుకాణంలో అప్రెంటిస్‌గా చేరారు. ఊళ్లు మారుతూ 1771లో బెర్లిన్ చేరి వాలెంటిన్ రోజ్ దుకాణంలో కుదిరారు. కొద్దికాలానికే యజమాని పోతే, దుకాణాన్నీ ఆయన పిల్లల్నీ క్లాప్రోతే చూసుకున్నారు. సొంత దుకాణం 1780లో గానీ రాలేదు.

ఆయన బలం తూకం. ఖనిజాన్ని భాగాలుగా విడదీసి తూస్తే మొత్తం నూటికి నూరు రావాలి. రాకపోతే సర్దేయడం అప్పటి అలవాటు. మన ల్యాబ్ రికార్డుల్లోనూ జరిగేదే కదా! క్లాప్రోత్ మాత్రం తక్కువొచ్చిన అంకెను ఉన్నదున్నట్టే అచ్చువేసేవారు. రాయి నూరేటప్పుడు రోలు అరిగి ఎంత కలిసిందో కూడా లెక్క చూసేవారు. అందుకే 1789లో సిలోన్ నుంచి వచ్చిన జిర్కాన్ రాయిలో, ఇతరులు తెలిసిన పదార్థాల ఖాతాలో వేసేసిన చోట ఆయనకు కొత్త పదార్థం దొరికింది. అదే జిర్కోనియా. యురేనియాన్ని గుర్తించిందీ ఆ ఏడాదే.

1795లో రూటైల్ ఖనిజంలో ఇంకో కొత్త మూలకం కనిపిస్తే టైటానియం అని పేరు పెట్టారు. తీరా చూస్తే ఇంగ్లండ్‌లో విలియం గ్రెగర్ 1791లోనే దాన్ని గమనించారు. తర్వాత క్లాప్రోతే పరీక్షించి, రెండూ ఒకటేనని తేల్చి, ముందు చూసింది గ్రెగరేనని ఒప్పుకున్నారు. పేరు మాత్రం ఈయన పెట్టిందే నిలిచింది.

1810లో బెర్లిన్ యూనివర్సిటీ తెరిచినప్పుడు, డిగ్రీ లేని ఈ 66 ఏళ్ల మనిషే అక్కడ మొదటి కెమిస్ట్రీ ప్రొఫెసర్. 1817 జనవరి 1న కన్నుమూశారు.

హైదరాబాద్‌లోనే, హైటెక్ సిటీకి అటు చివర, మౌలాలి వైపు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. అణు రియాక్టర్ల కోసం అక్కడ యురేనియం బిళ్లల్ని జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో నింపుతారు. ఐటీఐ చేసినవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంటారు కూడా.