కొలువులో ఉంటూ పట్టభద్రులైన గిడుగు రామమూర్తి పంతులుగారు

ఉద్యోగం చేస్తూ పట్టపరీక్షకు చదవడం మంచిదేనా అన్న ప్రశ్న పాతదే. చదువు ధ్యాసలో పడినవాడు పని సరిగా చేయడని యజమానులకు ఒక శంక. పట్టం చేతికి రాగానే వేరొక చోటికి వెళ్ళిపోతాడని మరొక శంక. చదివేవానికీ సందేహాలు లేకపోలేదు. నిద్ర మానుకొని, ఉన్న కొద్ది డబ్బు ఖర్చుపెట్టి సంపాదించిన పట్టం తనకు ఏ మేరకు అక్కరకు వస్తుందో అతనికి ముందుగా తెలియదు. విశాఖపట్టణంలో పూర్ణా మార్కెట్టు కొట్లలో పగలంతా చిట్టాలు వ్రాసి రాత్రి పుస్తకం తెరిచే యువకునికైనా, పల్లెటూరి బడిలో పాఠాలు చెబుతూ పై పరీక్షకు సిద్ధపడే ఉపాధ్యాయునికైనా ఈ సందేహం ఒక్కటే. దీనికి సమాధానం వాదనలలో కంటె గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళానికి ఉత్తరంగా, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ ఉద్యోగి. ఆయనకు చోడవరం బదిలీ అయింది. అక్కడనే 1875లో విషజ్వరం వచ్చి కాలధర్మం చెందినారు. అప్పటికి రామమూర్తిగారికి సుమారు పన్నెండేండ్లు. తండ్రి నీడ తొలగిన ఆ బాలుడు విశాఖపట్టణంలో మేనమామగారి ఇంట తలదాచుకొన్నాడు. తరువాత విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణుడైనాడు. ఆ సంవత్సరమే వివాహం కూడా జరిగింది. ఇల్లు నడపవలసిన భారం మీద పడినందున కళాశాలలో చేరి చదివే అవకాశం లేకపోయింది.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా చేరినారు. చిన్న తరగతి పిల్లలకు చరిత్ర బోధించడం ఆయన పని. చదువు అక్కడితో ముగిసిందని అనుకొని ఉంటే ఆయనను తప్పు పట్టేవారు లేరు. ఆ రోజులలో మెట్రిక్యులేషను చదివినవానికి సమాజంలో తగిన గౌరవమే ఉండేది.

కాని ఆయన అట్లు అనుకోలేదు. పగలు బడిలో పాఠం చెప్పి, ఇంటికి వచ్చిన పిదప తాను విద్యార్థి అయ్యేవారు. సంస్కృతం ఇంటి దగ్గరనే అభ్యసించినారు. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయం లండను విశ్వవిద్యాలయపు మాదిరిని అనుసరించి, ఆనాడు ముఖ్యంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థగానే ఉండేది. ఆ పరీక్షలకు ఆయన ప్రయివేటుగా కూర్చొన్నారు. ఎఫ్.ఏ. పరీక్ష 1886లో పూర్తి అయింది. బి.ఏ.లో ఇంగ్లీషు మినహా తక్కిన భాగాలు 1894లో గట్టెక్కినవి. మిగిలిన ఇంగ్లీషు భాగం 1896లో ముగించి పట్టం పుచ్చుకొన్నారు. చరిత్ర ఆయన ప్రధాన విషయం. ఉద్యోగంలో చేరిన నాటినుంచి లెక్కిస్తే పట్టానికి పదునారేండ్లు పట్టింది. కళాశాలలో కూర్చొని చదివిన విద్యార్థికి నాలుగేండ్ల పని అది. కొలువులో ఉంటూ చదివేవాడు చెల్లించవలసిన మూల్యం ఎంతో ఈ లెక్కే చెబుతుంది.

ఇక యజమానికి కలిగిన లాభం చూద్దాం. ఆ కాలంలోనే రాజావారి ఉన్నత పాఠశాల కళాశాల అయింది. కళాశాల తరగతులకు బోధించేందుకు పట్టభద్రులు కావలెను. రాజావారు అందుకోసం దూరదేశాలు వెదకనక్కరలేకపోయింది. 30 రూపాయల జీతంతో చేరిన చరిత్ర ఉపాధ్యాయుడే అందుకు యోగ్యుడై ఎదుట నిలిచినాడు. ఊరు, పిల్లల స్వభావం, సంస్థ పద్ధతి సర్వం ఎరిగిన అధ్యాపకుడు లభించినాడు. పట్టం వచ్చినవాడు వెళ్ళిపోతాడన్న శంక కూడ ఇక్కడ నిజం కాలేదు. పంతులుగారు 1911లో ఉద్యోగం విరమించేవరకు, అనగా పట్టం వచ్చిన తరువాత మరి పదునైదేండ్లు, ఆ సంస్థలోనే పనిచేసినారు.

అయితే పంతులుగారి కృషిని ఆ పట్టంతోనే కొలిస్తే పొరపాటు. ఒంటరిగా కూర్చొని చదవడం, సందేహం వస్తే మూలానికి పోయి తేల్చుకోవడం ఆయనకు అలవాటైపోయినవి. ముఖలింగ దేవాలయాలలోని శాసనాలను స్వయంగా చదివి చరిత్ర తెలుసుకొన్నారు. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో నివసించే సవరల భాషపై ఆయన దృష్టి పడింది. దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన వానిని ఇంటనే ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. వారి భాషలోనే వాచకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తామే ఇచ్చినారు. ఏ విశ్వవిద్యాలయమూ ఈ విషయంలో పరీక్ష పెట్టలేదు. కొండలలో తిరిగినప్పుడు వచ్చిన మలేరియాకు మితిమీరి వాడిన క్వినైను వలన ఆయనకు చెవుడు వచ్చింది. అది కడవరకూ వదలలేదు. 1913లో ప్రభుత్వం రావు సాహెబు బిరుదునిచ్చింది. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం అచ్చువేయించింది.

వ్యావహారిక భాషోద్యమం కూడా బడిలోనే పుట్టింది. 1906-07 ప్రాంతాలలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్సు దొరగారికి, పుస్తకాలలోని తెలుగు జనుల నోట వినబడే తెలుగుకంటె ఎందుకు వేరుగా ఉన్నదన్న సందేహం కలిగింది. పూర్ణా మార్కెట్టుకు సమీపంలోనే ఉన్న మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు ఆ రోజులలో ప్రిన్సిపాలైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో పంతులుగారు ఆ ప్రశ్నను తమదిగా చేసుకొన్నారు. ముప్పదేండ్లు పిల్లలకు పాఠం చెప్పినవాడు కనుక, అర్థంకాని భాషలో చదువు చెప్పడం ఎంత వృథాశ్రమయో పంతులుగారికి అనుభవంలో తెలుసు. ఏకాంతంగా గ్రంథాలను శోధించినవాడు కనుక, ప్రతిపక్షులకు కావ్యాలనుండి, వ్యాకరణాలనుండి ప్రయోగాలు చూపి సమాధానం చెప్పగలిగినారు. 1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపినారు. ఉద్యోగంవల్ల వచ్చిన అనుభవమూ, చదువువల్ల వచ్చిన పాండిత్యమూ ఒకే మనిషిలో కలియకపోతే ఆ వాదానికి అంత బలం వచ్చేది కాదు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు పంతులుగారు వృద్ధాప్యంలో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చినారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో కళాప్రపూర్ణ బిరుదంతో ఆయనను సన్మానించింది. పట్టం కోసం పదునారేండ్లు వేచినవారికి విశ్వవిద్యాలయమే ఎదురువచ్చి గౌరవం చేసింది. 1940 జనవరి 22వ తేదీన ఆయన పరమపదించినారు. ఆయన జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

నేటి ఉద్యోగికి మార్గం కొంత సుగమమైంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లో దూరవిద్యను ప్రారంభించినది మొదలు, కొలువు మానకుండ పట్టభద్రులు కావడం వేలమందికి సాధ్యమైంది. సౌకర్యం పెరిగినా శ్రమ మాత్రం తగ్గలేదు. ఆ శ్రమకు ప్రతిఫలం పెరిగిన జీతం ఒక్కటే అని ఉద్యోగి తలచినా, తన పని చెడుతుందని యజమాని భయపడినా, ఇద్దరూ లెక్కలో ఒక పద్దు మరచినవారే అవుతారు. పర్లాకిమిడి బడిలో పిల్లలకు దక్కినది పట్టభద్రుడైన గురువు మాత్రమే కాదు. తమతోపాటు తానూ చదువుకొంటున్న గురువు.