చేపల చూపును పరీక్షించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్

ఇంటిలో పెద్ద గాజుతొట్టి నుంచుకొని చేపలను పెంచువారికి మొదట తోచు ప్రశ్న యొకటి గలదు. తొట్టి వెనుకవైపున ఏ రంగు కాగితము నంటింపవలెను? తెలుపా, నలుపా, నీలమా? గదికి ఏది యందమో చూచి మనము నిర్ణయించుకొందుము. కాని దినమెల్ల ఆ రంగు నెదుట బ్రదుకవలసినది చేప. దానికి రంగు తెలియునా? తెలిసినచో దానివలన దానికేమి కలుగును? ఈ ప్రశ్నలకు ఓపికతో సమాధానము వెదకిన యొక శాస్త్రజ్ఞుని చరిత్రమును మా విద్యార్థులకై సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1886వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమున జన్మించెను. తండ్రి పేరుగన్న వైద్యుడు. బాల్యమునుండియు ఈ బాలునకు జంతువులే స్నేహితులు. నూరుకు పైగా రకముల ప్రాణులను ఆయన చిన్ననాడే ఇంట పెంచెను. వానిలో చేపలును గలవు. తల్లి విసుగుకొనక ఈ ముచ్చటను సాగనిచ్చెను. తండ్రి కోరికపై మొదట వైద్యవిద్యలో ప్రవేశించెను గాని, మనస్సు ప్రాణులయందే యుండుటచే, దానిని విడిచి జంతుశాస్త్రము నభ్యసించి 1910లో పట్టము నందెను.

ఆయన మొదట పరీక్షకు దీసికొనినది మిన్నో యను చిన్న మంచినీటి చేప. దానిని తెల్లని యడుగుపై నుంచినచో పాలిపోవును; నల్లని యడుగుపై నుంచినచో నల్లబడును. మన తోటలలోని యూసరవెల్లివలె దీని చర్మమునందును రంగుకణములు గలవు. ఆ కణములలోని నల్లని రేణువులు విస్తరించినచో చేప నల్లగా గనబడును. అవి కణము నడుమకు జేరినచో వన్నె తగ్గును. పరిసరముల వెలుగును కన్ను చూచును, నరములు ఆ వార్తను చర్మమునకు జేర్చును.

ఆ దినములలో కార్ల్ ఫాన్ హెస్ అను జర్మను నేత్రవైద్యుడు గొప్ప కీర్తి గలవాడు. చేపలకు వెలుగు చీకట్ల భేదమే గాని రంగుల భేదము తెలియదని ఆయన సిద్ధాంతము. ఫ్రిష్ అప్పటికి పేరులేని యువకుడు. అంతటి పండితునితో విభేదించుట యాయన భవిష్యత్తునకు అపాయకరమే. అయినను తాను గన్నదానిని దాచుట కాయన యొప్పుకొనలేదు. ఒక చేపను పసుపుపచ్చని యడుగుపైనను, మరియొకదానిని అంతే వెలుగుగల బూడిదరంగు అడుగుపైనను ఉంచెను. చేపలకు రంగు తెలియనిచో రెండును ఒక్కతీరుననే యుండవలెను గదా! కాని కొన్ని గంటలు గడచునప్పటికి పసుపు అడుగుపైనున్న చేప తానును పసుపువన్నె దాల్చెను; రెండవది దాల్చలేదు. పిమ్మట ఒక రంగుచెంత మేతపెట్టి చేపలకు అలవాటు చేసెను. మేత లేనప్పుడును అవి అనేకమగు బూడిదవన్నెల నడుమ ఆ రంగునే గుర్తించి చేరెను. హెస్ తన పట్టు విడువలేదు. వివాదము కఠినముగా సాగెను. ఫ్రిష్ తిట్టునకు తిట్టు చెప్పక, పరీక్ష వెంట పరీక్ష చూపెను. 1914లో పండితుల సభలో, తేనెటీగలు నీలిరంగును గుర్తుపట్టుటను ప్రత్యక్షముగా గనబరచెను.

తరువాత ఆయన మ్యూనిక్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఈలవేసినచో మేతకై వచ్చునట్లు చూపులేని యొక చేపకు నేర్పి, చేపలు వినగలవనియు నిరూపించెను. అంతట కష్టకాలము వచ్చెను. ఆయన అమ్మమ్మ యూదు వంశజురాలని కనిపెట్టి, 1941లో నాజీ ప్రభుత్వము ఆయనను పదవినుండి తొలగింప నిశ్చయించెను. అప్పుడే తేనెటీగలకు తెవులు సోకి గూళ్లు నాశనమగుచుండెను. తేనెటీగల నెరిగిన యీ పండితుడు లేక తీరదని మిత్రులు విన్నవింపగా ఉత్తర్వు నిలిచిపోయెను. తేనెటీగలు నాట్యముచే ఆహారపు దిక్కును దూరమును తెలుపుకొనుటను కనుగొని, 1973లో మరి యిద్దరితో నోబెల్ బహుమానము నందెను. 1982 జూన్ 12వ తేదీన 95వ యేట మ్యూనిక్‌లో మరణించెను.

ఇక మన తొట్టి మాట. వెనుక తెల్లకాగితమును, అడుగున తెల్లని ఇసుకయు నున్నచో పెక్కు చేపలు వన్నె తగ్గి పాలిపోవును; నల్లని వెనుకభాగమును ముదురు ఇసుకయు నున్నచో వాని రంగులు నిండుగా దోచును. అయినను మా మాటనే ప్రమాణముగా గొనవలదు. కాగితము నంటింపక ముందు, తొట్టికి వెలుపల నల్లగుడ్డను కొన్ని దినములు, తెల్లగుడ్డను కొన్ని దినములు కట్టి, ప్రతిదినము చేప వన్నెను, మేత తినుటను, దాగుటను పుస్తకములో వ్రాయుడు. పండితుని కీర్తిని గాక ప్రాణి నడవడిని సాక్షిగా బిలిచినవాడే ఫ్రిష్. మన ఇంటి గదిలోనైనను ఆ సాక్షి నడుగక తీర్పు చెప్పుట న్యాయము కాదని మా మనవి.