ఫ్లోరెన్స్ చూసి వచ్చాక విశ్వకవికి తెలిసిన నిజం

1873లో దేవేంద్రనాథ్ ఠాగూర్ తన చిన్న కొడుకును వెంటబెట్టుకుని బోల్‌పూర్ బయలుదేరారు. హౌరాలో బండెక్కితే లిలువా మీదుగా సాగే దారి అది. పన్నెండేళ్లు నిండని రవీంద్రుడికి అదే తొలి రైలు ప్రయాణం. రైలెక్కడం మహా ప్రమాదమని మేనల్లుడు సత్య ముందే భయపెట్టి ఉంచాడు. తీరా ఎక్కి చూస్తే భయపడాల్సిందేమీ లేదు. ఒకరు చెప్పింది వేరు, తాను చూసింది వేరు.

ఆ తర్వాత ఆయన జీవితమంతా ప్రయాణాలే. 1913లో నోబెల్ వచ్చింది. 1919లో మన మదనపల్లెలో ఉన్నప్పుడే 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. అదే ఏడాది జలియన్‌వాలా బాగ్ మారణకాండకు నిరసనగా సర్ బిరుదును వదులుకున్నారు. 1921లో విశ్వభారతిని స్థాపించాక ఆ సంస్థను నిలబెట్టడమే ఆయనకు పెద్ద బాధ్యత అయింది.

ఆ అవసరంలోనే ఇటలీ దగ్గరైంది. 1925 చివర్లో సంస్కృత పండితుడు కార్లో ఫోర్మికి, యువ ఆచార్యుడు జుసెప్పె టుచీ శాంతినికేతన్ వచ్చారు. ముస్సోలిని కానుకగా పంపిన ఇటాలియన్ గ్రంథాలూ చేరాయి. మరుసటి ఏడాది ఇటలీ ప్రభుత్వ అతిథిగా ఠాగూర్ బయలుదేరి, మే 30న నేపుల్స్‌లో దిగారు. రోమ్‌లో ముస్సోలినిని కలిశారు.

జూన్‌లో ఫ్లోరెన్స్ వెళ్లారు. 1296లో పునాది పడిన ప్రధాన చర్చి, జొట్టో మొదలుపెట్టిన గంట గోపురం, ఆర్నో నది మీద 14వ శతాబ్దపు పాత వంతెన ఉన్న నగరమది. అక్కడి పలాజో వెక్కియో రాజు కోసం కట్టిన కోట కాదు. వృత్తి సంఘాల ప్రతినిధులు కూర్చుని నగరాన్ని పాలించడానికి కట్టుకున్న భవనం. 1926లో అదే దేశంలో ముస్సోలిని ఎన్నికైన మేయర్లను తొలగించి, మధ్యయుగాల నాటి 'పొడెస్తా' అనే పదవిని తిరిగి తెచ్చి తన మనుషులను కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు.

ఠాగూర్‌కు ఇటాలియన్ రాదు. దుబాసీగా వెంట ఉన్నది ఫోర్మికి. కవి మర్యాదకు అన్న మాటలు పత్రికల్లో ఫాసిజానికి ప్రశంసలుగా అచ్చయ్యాయి.

ఆల్ప్స్ దాటి స్విట్జర్లాండ్ చేరాక రోమా రోలా అసలు సంగతి చెప్పారు. జ్యూరిక్‌లో సాల్వదోరి అనే ప్రవాసి భార్య ఆయన్ను కలిశారు. ఆమె భర్త ఫ్లోరెన్స్‌లో నివసించిన తత్వశాస్త్ర ఆచార్యుడు. 1924లో అదే నగరంలో ఫాసిస్టులు ఆయన్ను కొట్టారు. కుటుంబం దేశం విడిచి వచ్చింది. కవికి గౌరవంగా స్వాగతం పలికిన ఊరే ఆ కుటుంబానికి నిలువ నీడ లేకుండా చేసింది.

ఠాగూర్ మౌనంగా ఉండిపోలేదు. మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్‌కు రాసిన లేఖలో ఫాసిజాన్ని ఖండించారు. 1926 ఆగస్టు 5న 'మాంచెస్టర్ గార్డియన్' దాన్ని ప్రచురించింది. నిన్నటిదాకా పొగిడిన ఇటలీ పత్రికలు దూషణలకు దిగాయి. టుచీ శాంతినికేతన్ వదిలి వెళ్లారు. విశ్వభారతికి అందివచ్చిన సాయం చేజారింది.

1941 ఆగస్టు 7న ఠాగూర్ కన్నుమూశారు. అప్పటికి ఐరోపా యుద్ధంలో కాలిపోతోంది. ఇటలీ ఆతిథ్యాన్ని నమ్మడం ఆయన పొరపాటే. అయితే ఆ నష్టాన్ని భరించి, ప్రపంచం ముందు ఆ పొరపాటును దిద్దుకోవడం కూడా ఆయన జీవిత కథలో భాగమే.