కేరీకి దేవుడిచ్చిన తోటివారు

పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో చివరి అధ్యాయానికి వచ్చేసరికి మనలో చాలామందిమి పేజీ తిప్పేస్తాం. అన్నీ పేర్లే కదా అనుకుంటాం. అపొస్తలుడికి మాత్రం అవి ఒట్టి పేర్లు కావు. ఫీబే ఆయనకు ఆదరువైన సహోదరి. ప్రిస్కిల్ల, అకుల ఆయన కోసం ప్రాణాలకు తెగించినవారు. విలియం కేరీ జీవితం చదివేటప్పుడు కూడా మనం ఇలాగే కొన్ని పేర్లు దాటిపోతుంటాం.

కేరీ ఎవరో సండేస్కూలు పిల్లలకూ తెలుసు. 1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టి, చెప్పులు కుడుతూనే భాషలు నేర్చుకున్న దైవసేవకుడాయన. 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి ఇంట కొద్దిమంది సేవకులు కూడి బాప్టిస్టు మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ రోజు వారు ఇస్తామన్న మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. దానికి ఆండ్రూ ఫుల్లర్ కార్యదర్శి అయ్యాడు. లోతైన గనిలోకి దిగేవాడికి పైన తాడు పట్టుకునేవాళ్లు ఎలాగో, కేరీకి తామూ అలాగేనని ఆ స్నేహితులు అనుకున్నారు. చందాల కోసం ఫుల్లర్ స్కాట్లండుకే ఐదుసార్లు వెళ్లాడు. సొంత సంఘాన్ని కాసుకుంటూనే, 1815లో కన్నుమూసేదాకా ఆ తాడు వదల్లేదు.

1793 నవంబరులో కేరీ కుటుంబం కలకత్తా చేరింది. వెంట వచ్చిన డాక్టర్ జాన్ థామస్ ప్రభువును ప్రేమించినవాడే, కానీ డబ్బు విషయంలో నమ్మదగినవాడు కాదు. తెచ్చిన సొమ్ము త్వరలోనే కరిగిపోయింది. భక్తి ఉన్నంత మాత్రాన సంచి అప్పగించలేమని మన సంఘాల్లోనూ చూస్తూనే ఉన్నాం. మరుసటి ఏడాది ఐదేళ్ల పీటర్ చనిపోయాడు. భార్య డొరోతికి మతి చలించింది. స్వదేశం నుంచి తొలి ఉత్తరాలు అందడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది.

ఇండియాకు బయలుదేరే ముందు కేరీ విలియం వార్డు అనే యువ ముద్రాపకుణ్ణి కలిసి, ముందు ముందు నీవంటివాడు మాకు కావాలన్నాడు. ఆ మాట వార్డు మరిచిపోలేదు. 1799లో బడిపంతులు జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా తదితరులతో కలిసి సెరంపూర్‌లో దిగాడు. 1800 జనవరిలో కేరీ వారిని చేరాడు. కళాశాల జీతం, బడి ఫీజులు, ప్రెస్సు రాబడి అన్నీ ఒకే నిధికి చేర్చి, అందులోంచే అందరూ బతికారు. సంఘం లెక్కలు చూసినవారికి అది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది!

డబ్బుకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. తల్లి అనారోగ్యం, తండ్రి పని ఒత్తిడి మధ్య కేరీ కొడుకులు అదుపు తప్పారు. హన్నా వారిని తన పిల్లల్లా చూసుకుంది. పెద్దవాడు ఫీలిక్సును వార్డు చేరదీశాడు. 1800 డిసెంబరు 28న తొలి బెంగాలీ విశ్వాసి కృష్ణపాల్‌తోపాటు ఫీలిక్సు కూడా బాప్తిస్మం పొందాడు. తర్వాత బర్మా మిషనరీ అయిన ఫీలిక్సు, 1814లో పడవ ప్రమాదంలో భార్యాబిడ్డల్ని పోగొట్టుకుని దారి తప్పి తిరుగుతుంటే, 1818లో చిట్టగాంగ్‌లో అతణ్ణి కలిసి ఇంటికి తెచ్చిందీ వార్డే. కేరీ చేసిన అనువాదాల్ని లెక్కపెడతాం. ఆయన కొడుకును వెతికి తెచ్చినవాణ్ణి ఎవరు లెక్కపెడతారు?

1812 మార్చి 11న ప్రెస్సు తగలబడింది. కేరీ కలకత్తాలో ఉన్నాడు. మంటలతో పోరాడింది వార్డు, మార్ష్‌మన్. మర్నాడు మార్ష్‌మనే వెళ్లి కబురు చెప్పాడు. కాలిపోయిన రాతప్రతుల్లో కేరీ రాసిన తెలుగు వ్యాకరణమూ ఉంది. బూడిదలో అచ్చు పోతలకు వాడే ఉక్కు పంచ్‌లు చెడకుండా దొరికాయి. కరిగిన సీసంతోనే వార్డు మళ్లీ అక్షరాలు పోయించాడు. ఇంగ్లండులో ఫుల్లర్ చెయ్యి చాపగానే నష్టమంతా పూడేటంత సొమ్ము వచ్చింది. తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ నిబంధన భాషను తర్వాతివారు చాలా దిద్దారు, నిజమే. అయినా మన భాషలో ఆ పుస్తకం వెనుక ఇంతమంది చేతులున్నాయి.

ఫుల్లర్ పోయాక సొసైటీలోని కొత్త తరానికి సెరంపూర్‌వారి మీద అనుమానాలు మొదలయ్యాయి. నిందలు ఎక్కువగా మార్ష్‌మన్ మీద పడ్డాయి. ఆయన్ని విడిచిపెడితే కేరీకి గౌరవం తగ్గేది కాదు. కేరీ విడిచిపెట్టలేదు. 1827లో తాము పుట్టించిన సొసైటీతోనే తెగతెంపులయ్యాయి, ఇద్దరూ ఒక పక్షానే నిలిచారు. అప్పటికి వార్డు లేడు. 1823లో కలరా ఆయన్ని తీసుకుపోయింది. 1834 జూన్ 9న కేరీ ప్రభువు సన్నిధికి చేరాడు, 1837లో మార్ష్‌మన్. ముగ్గురి సమాధులూ సెరంపూర్‌లో ఒకే శ్మశానవాటికలో ఉన్నాయి. హన్నా మరో పదేళ్లు బతికింది.