హార్న్ టూక్: చిన్న మాటల పెద్ద వ్యాజ్యము

ఆంగ్ల వ్యాకరణము బోధించు ఉపాధ్యాయునకు నామవాచకములును, క్రియలును అంతగా శ్రమ కలిగింపవు. ఆఫ్, దట్, ఇఫ్, బట్ వంటి చిన్న మాటలే చిక్కులు పెట్టును. వాని అంతు తేల్చుటకు పూనుకొని, అందుకు సంబంధించిన తొలి రచనను చెరసాలనుండి వెలువరించినవాడు జాన్ హార్న్ టూక్.

అతడు 1736 లో లండనునందు జన్మించెను. తండ్రి జాన్ హార్న్ కోళ్లు, బాతులు అమ్ముకొను వర్తకుడు. ఈటన్ పాఠశాలలో ప్రభువుల బిడ్డలు తండ్రి వృత్తి యేమని అడుగగా, టర్కీ వర్తకమని బాలుడు బదులు చెప్పెనని యొక కథ కలదు. ఆంగ్లమున ఆ దేశమునకును, ఆ కోడికిని పేరొక్కటే గదా! కేంబ్రిడ్జిలో 1758 లో పట్టము పొంది, తండ్రి కోరికపై 1760 లో మతాచార్యుడయ్యెను. మనసు మాత్రము న్యాయశాస్త్రముమీదను, రాజకీయములమీదను ఉండెను.

1775 ఏప్రిలులో అమెరికాలోని లెక్సింగ్టన్, కంకార్డ్ గ్రామములవద్ద బ్రిటిషు సైనికులకును, వలసప్రజలకును పోరు జరిగెను. మరణించినవారి భార్యాబిడ్డలకు 100 పౌనులు పంపుచున్నట్లు ఒక రాజకీయ సంఘము పక్షమున హార్న్ పత్రికలలో ప్రకటించెను. రాజసైనికులు వారిని హత్య గావించిరని అందులో నుండెను. ఆ మాటను ప్రభుత్వము సహింపలేదు. 1777 జూలై 4 న మాన్స్‌ఫీల్డు ప్రభువు ఎదుట విచారణ జరిగెను. హార్న్ తన వాదమును తానే వినిపించుకొనెను. ఏడాది ఖైదు, 200 పౌనుల జుల్మానా ఫలితము.

అభియోగపత్రములో ఆ ప్రకటన రాజప్రభుత్వమును, సేనల వినియోగమును గురించినదని చెప్పుటకు ఆఫ్, కన్సర్నింగ్ అను రెండు ప్రిపొజిషనులు వాడబడెను. ఏ చర్యను ఉద్దేశించి వ్రాసెనో విడమరచి చెప్పనందున అభియోగము చెల్లదని హార్న్ వాదము. ఆ మాటలే చాలునని న్యాయాధిపతులు తీర్చిరి. 1778 లో కింగ్స్ బెంచి చెరసాలనుండి న్యాయవాది డన్నింగునకు లేఖ వ్రాసి అచ్చొత్తించి, తాను రెండు ప్రిపొజిషనులకును, ఒక కంజంక్షనునకును బలియైనట్లు వాపోయెను. ఆ కంజంక్షను దట్.

ఆ లేఖయే పెరిగి 1786 లో డైవర్షన్స్ ఆఫ్ పర్లీ అను గ్రంథమయ్యెను. పర్లీ అతని మిత్రుడు విలియం టూక్ నివసించిన చోటు. ఆ మిత్రుని యింటిపేరునే హార్న్ 1782 లో తన పేరునకు చేర్చుకొనెను. 1751 లో జేమ్స్ హారిస్ తన హెర్మీస్ గ్రంథమున ఇట్టి మాటలకు స్వతంత్రార్థము లేదని వ్రాసియుండెను. హార్న్ టూక్ దానిని ఖండించెను. భాషకు అత్యవసరములు నామము, క్రియ రెండే. తక్కినవన్నియు వాని సంక్షేపరూపములే యని అతని సిద్ధాంతము. ఐ నో దట్ హి కేమ్ అను వాక్యమును విడదీసినచో, అతడు వచ్చెను, అది నేనెఱుగుదును అని రెండు వాక్యములగును. దట్ అనునది ‘అది’ అను మాటయే. తెలుగువారికి ఈ త్రోవ కొత్తది కాదు. మన ‘అని’ అను క్రియనుండియు, ‘గురించి’ గురి అను మాటనుండియు వచ్చినవే.

అయితే మాటల పుట్టుక చెప్పుటలో అతడు తరచు పొరబడెను. ఇఫ్ ఇచ్చుట యను అర్థముగల పాత క్రియయనియు, త్రూ ద్వారమను మాటయేయనియు చెప్పెను. తరువాతి పండితులు రెంటిని త్రోసివేసిరి. ధ్వని కలిసినంతనే చుట్టరికము కలుపుట అతని దోషము. అదే 1786 లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిను భాషల బంధుత్వమును ప్రకటించెను; శాస్త్రము ఆ దారిని నడచెను. అయినను టూక్ సూత్రము వట్టిపోలేదు. బికాజ్ లో కారణమను నామము నేటికిని కనబడును. వైల్ ఒకప్పుడు కాలమను నామము. అతనిని చెరకు పంపిన కన్సర్నింగ్ సైతము క్రియాజన్యమే. నామములును, క్రియలును ఇట్లు వ్యాకరణోపకరణములగుటకు 1912 లో ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ మెయ్యే గ్రామటికలైజేషన్ అని పేరు పెట్టెను.

మతాచార్యుడన్న కారణముచే 1779 లో న్యాయవాద వృత్తి అతనికి దక్కలేదు. 1794 లో రాజద్రోహ నేరము మోపి టవరులో బంధించిరి. జ్యూరీ కొద్ది నిమిషములలోనే నిర్దోషియని తేల్చెను. 1801 లో పార్లమెంటు సభ్యుడు కాగా, మతాచార్యులు ఆ సభకు అనర్హులని ఆ యేడే చట్టము చేసిరి. గ్రంథపు రెండవ భాగము 1805 లో వెలువడెను. 1812 మార్చి 18 న వింబుల్డనులో మరణించెను. ఇంటి తోటలో తనకై కట్టించుకొనిన సమాధి తగినది కాదని, ఈలింగులో తల్లి సమాధిలోనే అతనిని ఖననము చేసిరి.