ఆన్సెల్మ్ పాయెన్ చరిత్రము

మొలకెత్తిన ధాన్యము తియ్యనగుట మన విద్యార్థులెల్లరు ఎరిగినదే. ఆ తీపిని పుట్టించు పదార్థమును వేరుపరచిన ఆన్సెల్మ్ పాయెన్ చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఇతడు 1795లో పారిస్ నగరమున జన్మించెను. 20 ఏండ్ల ప్రాయముననే వెలిగారపు కర్మాగారమునకు నిర్వాహకుడై, పిమ్మట బీటుదుంపల చక్కెర పరిశ్రమయందును కృషిచేసెను. 1833లో ఇతడును, పెర్సోజ్ అను సహచరుడును మొలకెత్తిన బార్లీ రసమునకు మద్యసారము చేర్చి, తెల్లని పదార్థమును వేరుపరచి, డయాస్టేజ్ అని పేరిడిరి. అది స్వల్పమైనను విస్తారమగు గంజిపిండిని చక్కెరగా మార్చెను. మరిగించినయెడల శక్తిని గోల్పోయెను. నేడు ఎంజైములనబడువానిలో మొదట వేరుపరచబడినది ఇదియే.

1835లో పాయెన్ వ్యాపారమును విడిచి, పారిస్ నందే ఆచార్యుడయ్యెను. 1838లో కఱ్ఱనుండి సెల్యులోజును వేరుచేసి, గంజిపిండియందలి మూలద్రవ్యములే అవే పాళ్లలో ఇందును గలవని చూపెను. రెండును గ్లూకోజు పూసల దండలే. పూసలను కూర్చిన విధము మాత్రము వేరు. అందుచేత డయాస్టేజ్ గంజిపిండిని త్రుంచును గాని సెల్యులోజును త్రుంచజాలదు. మన నోటియందును ఇట్టి ఎంజైమే యుండుటచేత అన్నము మనకు జీర్ణమగును, గడ్డి జీర్ణము కాదు.

1871లో పాయెన్ పారిస్ నగరముననే మరణించెను. నేడు బూజుజాతులనుండి తీసిన వేరు ఎంజైములతో, గింజలొలిచిన మొక్కజొన్న బెండ్లలోని జైలాన్ అను మఱియొక దండను త్రుంచి, ఒలిగోశాకరైడులను, అనగా కొలది పూసల చక్కెర గొలుసులను, తయారుచేయుచున్నారు. ఇవి మనకు జీర్ణము కాకున్నను, ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులకు ఆహారమగును. పొయ్యిలో కాల్చు బెండును ఆహారముగా మార్చు ఈ మార్గమునకు పిడికెడు మొలకెత్తిన బార్లీయే ఆరంభమని మా పాఠకులు గ్రహింతురుగాక.